దూలానికీ గోడకూ మధ్య

తాళం పడిన చప్పుడు వినిపించింది గానీ, అది తనను లోపల పెట్టి వేసిన తాళమని ఆమెకు వెంటనే తట్టలేదు. "మీరు కొలుచుకుంటూ ఉండండమ్మా, కళ్ళజోడు బాగుచేసి ఉంచుతానన్నాడు, పోయి తెచ్చుకుంటాను, గంటలో వచ్చేస్తా" అంటూ పెద్దావిడ గుమ్మం దాటి, ఒంటరిగా బతికే మనిషి చేతికి అంటుకుపోయిన అలవాటు కొద్దీ తలుపు మూసి, తాళం తిప్పి, ఒకసారి లాగి చూసి మరీ వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే ఇంకా కనపడుతూనే ఉంది, సంచి ఊపుకుంటూ, మోకాళ్ళ నొప్పికి ఒక పక్కకి ఒరిగి నడుస్తూ. పిలిస్తే వినపడుతుంది. పిలవడానికి నోరు తెరిచింది కూడా. పోనీలే అనుకుని మూసేసుకుంది. ఈ గంట ఎక్కడో ఒకచోట గడవాలి. తాళం వేసిన ఇంట్లో గడిస్తే ఇంకా నయం, లేచి ఇంటికి పరుగెత్తాలని బుద్ధి పుట్టినా కాళ్ళకి దారి ఉండదు.

ఎందుకంటే సరిగ్గా ఈ గంటలోనే, ఊరికి అటు చివరనున్న తమ ఫ్లాటులోంచి అతను తన సామాను తీసుకెళ్తున్నాడు. నువ్వు లేనప్పుడైతే తొందరగా అయిపోతుందని అతనే అన్నాడో, నేను లేనప్పుడు తీసుకెళ్ళమని తనే అందో ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఈ మధ్య ఇద్దరి మాటలూ ఒకే గొంతులోంచి వస్తున్నట్టుండేవి, అంత మర్యాదగా, అంత మెత్తగా. దెబ్బలాడుకున్నా బాగుండేది. పుస్తకాలు వేరుచేసుకునేటప్పుడు కూడా నువ్వుంచుకో అంటే పర్లేదు నువ్వే ఉంచుకో అనుకున్నారు, రైల్లో కిటికీ పక్క సీటు దగ్గర మొహమాటపడే కొత్త ప్రయాణికుల్లా. పిల్లలు లేరు. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఒక ఉదయం అతను, తల ఎత్తకుండా, "నేను వేరే ఇల్లు చూసుకున్నాను" అన్నాడు. దానికి తను అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నో అంతస్తు?" అని. రెండో అంతస్తన్నాడు. గాలి వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాడు. సరే అంది. అతనూ సరే అన్నాడు. ఇస్త్రీపెట్టె కింద చొక్కా చేతి మడత పొగలు కక్కుతూ చదునైపోయింది. ఒక కాపురం ముగియడానికి ఇంత తక్కువ మాటలు సరిపోతాయా అని ఆమె ఆ తర్వాత చాలాసార్లు ఆశ్చర్యపోయింది. అందుకే, ఈ ఇంటి తనిఖీకి ఎవరెళ్తారని ఆఫీసులో పెద్దసారు అడుగుతుంటే, ఆయన మాట పూర్తికాకముందే బళ్ళో పిల్లలా చెయ్యెత్తేసింది.

ఆఫీసంటే, ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా, ఉన్న ఇంటిని మార్చుకోవాలన్నా ముందు ప్లాను తెచ్చి చూపించాల్సిన చోటు. చూసేది తను, సంతకం పెట్టేది పెద్దసారు. ఎర్ర పెన్ను పట్టుకుని గీతల మీద గీతలు గీస్తుంది కాబట్టి, బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళు ఆమెకి ఎర్రపెన్నమ్మ అని పేరు పెట్టారు. పెట్టరూ మరి. ఒకాయన స్నానాలగదికి తలుపు లేకుండా ప్లాను గీయించుకొచ్చాడు. లోపలికెలా వెళ్తారండీ అంటే, "వెళ్తాం మేడం, మెల్లగా అలవాటైపోతుంది" అన్నాడు. నవ్వొచ్చింది అప్పుడు. ఇప్పుడు ఈ చల్లటి చీకటి హాల్లో నిలబడి తలుచుకుంటే నవ్వు రావడం లేదు, తలుపులేని గదులకి మనుషులు నిజంగానే అలవాటుపడిపోతారు, తనకు తెలుసు. అయినా కొత్త ఇళ్ళ సంగతి వేరు. ఇది పాత ఇల్లు, ఊరు కాపాడుకుంటానని మాటిచ్చిన ఇళ్ళ జాబితాలో ఉన్న ఇల్లు, గోడకి మేకు కొట్టాలన్నా అడిగి కొట్టాలి. అలాంటి ఇంట్లో సగాన్ని పడగొట్టుకుంటానని పెద్దావిడ అర్జీ పెట్టింది. సగమెందుకంటే ఆవిడది సగమే. వాకిట్లోనే చెప్పుకొచ్చింది, తాళంచెవి కోసం సంచిలో వెతుక్కుంటూ. "మా ఆయనా మా మరిదీ కట్టించారమ్మా నడుమ గోడ. కప్పు కారుతోంది, నువ్వెక్కి చూడంటే నువ్వెక్కి చూడనుకున్నారు. ఎవరూ ఎక్కలేదు, గోడ మాత్రం లేచింది. ఇద్దరూ పోయారు. కప్పు ఇంకా కారుతోంది. ఆ గోడ మాత్రం, ఏం కట్టారో గానీ, చుక్క కారదు."

"మరి మీ తోడికోడలు?"

"అటుపక్కే ఉంటుంది."

"మాట్లాడుకోరా?"

"ఏం మాట్లాడాలి?" అంది పెద్దావిడ, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు. తర్వాత మళ్ళీ ఇంటి మీదికి మళ్ళింది. "చూసినవాళ్ళంతా అబ్బ ఎంత బాగుందంటారు. ఒక్క వానాకాలం వచ్చి ఉండమనండి. స్నానాలగది మేడమీద, నా మోకాళ్ళు కింద. పడగొట్టేసి రెండు గదులు వేసుకుంటా, నేలమట్టంగా, హాయిగా." పక్కింటామెకి కూడా కబురు పంపాలి రూలు ప్రకారం, ఆఫీసు పంపింది. ఆవిడ ఒద్దని రాయలేదు, సరేననీ రాయలేదు. కాబట్టి మిగిలింది ఎర్రపెన్నమ్మ మాట. ఆమె ఔనంటే కూలుతుంది, కాదంటే ఉంటుంది. పెద్దసారు ఆమె రాసినదాని మీద కళ్ళు మూసుకుని సంతకం పెడతాడు, అదే ఆమెకి ఎప్పుడూ భయం.

కొలతలు తీసుకోవడం తొందరగానే అయిపోయింది. టేపు చుట్టి, చెప్పులు గోడవార విడిచి, హాలు మధ్యలో, అంటే ఒకప్పటి హాలు మధ్యలో, ఇప్పటి అడ్డగోడ పక్కన, నేల మీద వెల్లకిలా పడుకుంది. ఇది ఆఫీసులో ఎవరికీ తెలియని విషయం. మేనత్త నేర్పింది. మేనత్తా మావయ్యా ఏడాదికో అద్దె ఇల్లు మారేవారు. సామాను బండి రాకముందే మేనత్త తనను వెంటబెట్టుకుని ఖాళీ ఇంట్లోకి వెళ్ళి, ప్రతి గదిలోనూ ఒకసారి నేల మీద పడుకునేది. నువ్వూ పడుకోవే అనేది. "నిలబడి చూస్తే ఇల్లు ముస్తాబైన మొహమే చూపిస్తుందే పిచ్చిదానా. పడుకుని చూడు, దాని గుట్టంతా పైనే ఉంటుంది." ఇద్దరూ చేతులు చాచి పడుకుంటే, తడి మరకలు, సాలెగూళ్ళు, ఎవరో ఎందుకో కొట్టి వదిలేసిన కొక్కేలు. ఈ గదిలో ఎవరో ఏడ్చార్రా అనేది ఒక్కోసారి మేనత్త, ఉన్నట్టుండి. ఎలా తెలుసత్తా అంటే, తెలుస్తుంది అంతే అనేది. తర్వాత లేచి వీపుకంటిన దుమ్ము తనతో దులిపించుకుని, పద పద బండొచ్చేస్తుంది అనేది. చదువుకుని, పరీక్షలు రాసి, ప్లాన్లు చూసే ఉద్యోగంలో చేరాక కూడా, ఎవరూ చూడకపోతే ఇంటిని ఇలాగే చూస్తుంది ఆమె. నేల చల్లదనం భుజాల్లోంచి దిగుతుంది, మెడలో ముడి ఏదో వదులవుతుంది, ఇల్లు తన ఊపిరి తను తీసుకోవడం మొదలుపెడుతుంది.

పైన సున్నంతో తీర్చిన పువ్వు ఉంది, పెద్దది, ఒకప్పుడు దాని నడుమ నుంచి దీపం వేలాడేదేమో. సరిగ్గా దాని మధ్యనుంచి అడ్డగోడ వెళ్ళింది. సగం రేకులు ఇటు, సగం అటు. కాదు, పూర్తిగా వెళ్ళలేదు. ఇప్పుడు, పడుకున్నాకే తెలుస్తోంది. గోడ పైకంటా లేదు. కప్పును మోసే దూలం ఒకటి, ఏ అడవిలో ఎంత కాలం పెరిగిన చెట్టో, ఒకే ఒక్క మాను, ఈ చివరి గోడ నుంచి ఆ చివరి గోడ దాకా రెండిళ్ళ మీదుగా సాగింది. అడ్డగోడ దాని కిందిదాకా వచ్చి ఆగిపోయింది. అన్నదమ్ముల కోపం అంతవరకే చాలిందో, మేస్త్రీకి చెయ్యి అందలేదో, దూలానికీ గోడకూ మధ్య అరచెయ్యి దూరేంత సందు మిగిలిపోయింది. ఆ సందులోంచి అటువైపు వెలుతురు ఇటొస్తోంది, పలచగా, పువ్వు రేకుల మీద పాకుతూ. వెలుతురుతో పాటు ఎవరో రేడియోలో మాట్లాడుతున్న చప్పుడు, మాటలు తెలియవు, గొంతు ఒక్కటే, మగత వస్తున్నవాడికి పక్కగదిలో పెద్దవాళ్ళ కబుర్లు వినపడినట్టు. మధ్యమధ్య సబ్బు వాసన. ఒక దగ్గు. ఆమెకి ఆ సందును చూస్తుంటే ఎందుకో సిగ్గేసింది, చూడకూడనిది చూసినట్టు. తన పక్కనే, గోడకి ఆనించి, గోడవైపే మొహం తిప్పి ఒక కుర్చీ ఉంది. తప్పు చేసిన పిల్లాణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెట్టినట్టు. ఎందుకలా వేసుకుందో పెద్దావిడ, అనుకుంది, అనుకుంటూనే ఆ ఆలోచన జారిపోయింది.

ఇప్పుడు అతను వంటింట్లో ఉండి ఉంటాడు. గిన్నెలేం తీసుకెళ్ళనన్నాడు, కానీ తనకిష్టమైన ఆ లోతు గ్లాసు చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేస్తాడు. పెట్టెయ్యకు, తీసుకెళ్ళు. కాదు, పెట్టెయ్యి. ఇద్దరూ మొదట కలుసుకున్నది డ్రాయింగు నేర్చుకునే క్లాసులో, ఒకే బల్లకి అటూ ఇటూ. అతని పెన్సిలు ఎప్పుడూ మొద్దుబారి ఉండేది, తనది సూదిలా ఉండేది, అతను అడక్కుండానే తనది తీసుకునేవాడు, తను అడక్కుండానే అతనిది చెక్కిపెట్టేది. ఎప్పుడు ఆగిపోయింది అది. ఒక రోజంటూ ఉంటుందా ఆగిపోవడానికి. కప్పు కారడం ఏ రోజు మొదలైందో ఎవరికైనా తెలుస్తుందా, తడి మరక కనపడేసరికి నీళ్ళు ఎప్పటినుంచో లోపల నడుస్తూనే ఉంటాయి, వాసాల మీదుగా, ఇటుకల మధ్యగా, తమకిష్టమైన దారిలో. బయటికి కనిపించేచోట కారడం ఉండదమ్మాయ్ అనేవాడు పెద్దసారు, ఎక్కడో పైన ఉంటుంది. ఎక్కడో పైన. వెలుతురు పువ్వు మీంచి జారి దూలం మీదికొచ్చింది. దూలం మీద ఉలి దెబ్బలు, వరసగా, నీటి మీద చిన్న అలల్లా. దాని మీద అతను నడుస్తున్నాడు, చేతుల్లో పుస్తకాలు, జాగ్రత్తగా, ఇవి నీవి కదా అంటున్నాడు, కింద మేనత్త పడుకుని పద పద బండొచ్చేస్తుంది అంటోంది, బండి నిండా నీళ్ళు, పువ్వు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది, సగం పువ్వు కాదు, నిండు పువ్వు, రేకు వెంట రేకు, గోడలోంచి దూరి బయటికొచ్చి మళ్ళీ దూరుతూ, దాని మీద తను ఎర్ర పెన్నుతో ఏదో రాయాలి, రాయకపోతే ఇల్లు కదిలిపోతుంది, పెన్ను ఎంత మొద్దుబారిపోయిందో గీత పడదు, చెక్కిపెట్టు, చెక్కిపెట్టవూ, అంటూ దూలం అంచు మీదినుంచి కాలు జారి,

"అమ్మా!" అని అరిచింది. అరుపుతో పాటు కాలు విసురుగా తగిలి కుర్చీ పెళ్ళున నేల మీద పడింది.

మెలకువ వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి, కలలో ఏడ్చినట్టుంది. అటుపక్క రేడియో గొంతు ఒక్కసారి తగ్గింది. ఎవరో దాని చెవి మెలిపెట్టారు.

"అక్కా?"

పైన సందులోంచి పడింది మాట. సన్నటి గొంతు, వయసు మళ్ళినది, చాలాకాలం వాడక మూలన పడేసిన వస్తువు మీద దుమ్ము ఊదినట్టు ఒకసారి సవరించుకుంది.

"అక్కా, పడ్డావా?"

ఆమె లేచి కూర్చుంది. నేను అక్కను కాదండీ అని చెప్పాలి. చెప్పడం ఎంత పని. నోట్లో మాట సిద్ధంగానే ఉంది. కానీ ఈ మాట, ఇప్పుడు గోడ దాటి వచ్చిన ఈ మాట, తనకోసం కాదు. ఇన్నేళ్ళుగా లోపల్లోపలే నడిచి నడిచి ఇప్పటికి ఒకచోట చుక్కై రాలిన మాట. దాన్ని పట్టుకోవడానికి తను ఎవరు.

"నువ్వు పలకవని తెలుసు," అంది గొంతు. "పలక్కపో. ఎప్పుడు పలికావు గనక. ఒక్కసారి నేలమీద కొట్టు చాలు, బాగానే ఉన్నావనుకుంటా. నా దారిన నేను పోతా. మళ్ళీ అడగను."

కొట్టొచ్చు. వేలి కణుపుతో టక్కుమని ఒకసారి. ఆవిడ నిశ్చింతగా రేడియో పెంచుకుంటుంది, పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని వస్తుంది, ఏమీ జరగనట్టు అయిపోతుంది అన్నీ. చెయ్యి నేలదాకా వెళ్ళింది. గాల్లోనే ఆగింది. మళ్ళీ అడగను అంది కదా. సరే అని ఒక్క చప్పుడు చేస్తే చాలు, మళ్ళీ అడగడం ఉండదు. ఒక్క సరే. ఆమెకి ఇస్త్రీపెట్టె కింది పొగ వాసన నిజంగా ముక్కుకి తగిలింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఏ రూల్లోనూ లేదు, ఏ పేజీ మూలనా లేదు. చేస్తున్నది మంచో చెడ్డో తెలియదు, ముసలామెను హడలగొట్టడం మాత్రం తెలుస్తోంది, అయినా చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"అక్కా!" ఈసారి గొంతు వణికింది. ఏదో పెట్టె మూత తీసిన చప్పుడు. ఇనప వస్తువులేవో కలబోసి వెతుకుతున్న చప్పుడు. తర్వాత చెప్పుల్లేని పాదాలు, అటుపక్క తలుపు, వీధి, ఇటుపక్క అరుగు. తాళంలో చెవి తిరగడానికి కాస్త మొరాయించింది, తర్వాత తిరిగింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషి చిన్నగా, బక్కపల్చగా ఉంది. మెడ చుట్టూ దర్జీ టేపు. భుజం దగ్గర బట్టకి సూదులు గుచ్చుకుని, వాటికి దారాలు వేలాడుతున్నాయి. చొక్కాలకి గుండీలు కుట్టే పని మీదినుంచి లేచొచ్చినట్టుంది, ఎడమ చేతిలో ఇంకా రెండు తెల్ల గుండీలున్నాయి. ముందు నేలకేసి చూసింది, పడిపోయిన మనిషి కోసం. తర్వాత కూర్చున్న మనిషిని చూసింది.

"ఎవరు నువ్వు? అక్కేది?"

"ప్లాన్ల ఆఫీసు నుంచొచ్చానండీ. ఇల్లు కొలవడానికి. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకోవడానికి వెళ్ళారు. క్షేమంగానే ఉన్నారు. పడింది కుర్చీ."

చిన్నావిడ గోడకి చెయ్యి ఆనించి, రెండు మూడుసార్లు ఊపిరి పీల్చుకుంది. కంగారు తగ్గేకొద్దీ మొహంలోకి కోపం ఎక్కింది. "అన్నిసార్లు పిలిచానే. నోట్లో నాలుక లేదా? నేను కాదమ్మా అంటే నీ సొమ్మేం పోయేది? నా గుండె ఇక్కడికొచ్చింది."

"తప్పేనండీ," అంది ఆమె. తర్వాత, అబద్ధమాడే ఓపిక లేక, "పలికితే మీరు వెళ్ళిపోతారనిపించింది" అంది.

ఆ మాట చిన్నావిడకి అర్థమైందో లేదో తెలియలేదు. గుమ్మంలోంచి వెనక్కి తిరగబోయి, తిరగకుండా, ఉన్నచోటి నుంచే తల మెల్లగా ఎత్తింది. కప్పు వంక చూసింది. సగం పువ్వు. తన ఇంట్లో రోజూ చూసే సగం కాదు, రెండోది. చాలాసేపు చూసింది, బాగా పరిచయమున్న మనిషిని రెండో పక్కనుంచి చూస్తున్నట్టు. "ఇటు రేకు విరిగిందే," అంది తనలో తను. "మాకు విరగలేదు." మెట్ల కమ్మీ మీద చెయ్యి వేసింది, తీసేసింది. ఈ ఇంటికి తామిద్దరూ ఒకే ఏడాది కోడళ్ళుగా వచ్చామనీ, ఈ మెట్ల మీదే కూర్చుని అక్క తన తల దువ్వేదనీ, వద్దంటే నెత్తిమీద దువ్వెనతో ఒక్కటిచ్చేదనీ చెప్పింది, ఎదుటి మనిషితో కాక మెట్లతో చెబుతున్నట్టు. "దెబ్బలాడుకుంది వాళ్ళు. మేం ఏం అనుకోలేదు. ఇవాళ కాకపోతే రేపు మాట్లాడదాంలే అనుకున్నాం. అలా అలా..." చెయ్యి గాల్లో ఊపింది. "ఈ తాళంచెవి ఇచ్చెయ్యమన్నారు మా ఆయన అప్పుడే. ఇచ్చేశానని చెప్పా."

పడిపోయిన కుర్చీని ఎత్తబోతూ ఎర్రపెన్నమ్మ అడిగింది, "ఇదెక్కడ పెట్టాలో తెలియట్లేదండీ. గోడవైపు తిరిగి ఉందిది."

చిన్నావిడ కుర్చీకేసి చూసింది. దాని మీద పరిచిన మెత్త, నడుమ లోతుగా నలిగి, ఏళ్ళ తరబడి ఒకే మనిషి కూర్చున్న ఆకారం నిలిచిపోయి ఉంది. అక్కణ్ణుంచి గోడ పైకి చూసింది, సందు దాకా. సందులోంచి తన రేడియో వినపడుతోంది, తగ్గించి వదిలేసిన గొంతు, అయినా ఇక్కడికి స్పష్టంగానే అందుతోంది. ఆవిడ కుర్చీని తనే తీసుకుని, సరిగ్గా ముందున్నట్టే, గోడవైపే తిప్పి పెట్టింది. పెట్టి దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. చేతిలోని గుండీలు రెండూ జారి నేలమీద దొర్లుకుంటూ పోయినా చూసుకోలేదు. ఎర్రపెన్నమ్మ వంగి ఏరింది. ఏరుతున్నంతసేపూ తల ఎత్తలేదు, ఆవిడ మొహం ఆవిడకి వదిలేద్దామని.

వాకిట్లో సంచి చప్పుడైంది. తెరిచున్న తలుపు చూసి పెద్దావిడ మెట్టు మీదే ఆగింది. బాగుచేసిన కళ్ళజోడు ముక్కు మీద కొత్తగా మెరుస్తోంది. దాన్ని ఒకసారి తీసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. వీధిలో సైకిలెవరిదో గంట కొట్టుకుంటూ పోయింది. ఇప్పుడు ఏదో ఒకటి అంటుంది, అనుకుంది ఎర్రపెన్నమ్మ, ఏరిన గుండీలు గుప్పిట్లో పట్టుకుని. ఎందుకొచ్చావంటుంది. పో అంటుంది. అంతా తన వల్లే.

"రేడియో ఆపకుండా వచ్చేశావా?" అంది పెద్దావిడ. "సెల్స్ అయిపోతాయి."

"కరెంటుది అక్కా ఇది," అంది చిన్నావిడ. "సెల్స్‌ది పాడైంది."

"తెలుసు. దాని గొంతు నయం. ఇది కీచుమంటుంది."

"చెప్పొచ్చుగా మరి."

"ఎవరితో చెప్పను, గోడతోనా?"

పెద్దావిడ లోపలికొచ్చి, సంచి కొక్కేనికి తగిలించి, ఇంకెవరినీ చూడ్డం చేతకాక ఎర్రపెన్నమ్మ మీద పడింది. "అయిపోయిందా కొలవడం? చెప్పండి, పడగొట్టుకోవచ్చా లేదా?"

ఆమె పైకి చూపించింది. తన గొంతు తనకే ఆఫీసు గొంతులా వినిపించింది, అయినా ఆగలేదు. ఆ దూలం ఒకటే మాను అనీ, ఇటు ఇల్లూ అటు ఇల్లూ దాని మీదే ఉన్నాయనీ, ఇటు సగం తీసెయ్యాలంటే దాన్ని కోయాలనీ, కోస్తే అటు కప్పు నిలవదనీ చెప్పింది. "ఉంచితే రెండూ ఉండాలండీ. తీస్తే రెండూ పోతాయి. సగానికి సరేనని నేను రాయలేను."

"అయితే మేడమెట్లెక్కి చావమంటారు," అంది పెద్దావిడ.

"మా వైపు స్నానాలగది కిందే ఉంది," అంది చిన్నావిడ, కుర్చీతో అంటున్నట్టు.

"ఉంటే నాకేం, గోడ దూకి రానా?"

ఎర్రపెన్నమ్మ గోడ మీద అరచెయ్యి వేసింది. పలచటి ఇటుక గోడ, ఒంటి వరస. "ఈ గోడ దేన్నీ మొయ్యట్లేదండీ. పైన చూడండి, దూలాన్ని తాకనైనా తాకలేదు. ఇది ఇంటితో పుట్టింది కాదు, జాబితాలో లేదు. దీన్ని తీసేస్తామంటే మా ఆఫీసు అడ్డు చెప్పదు, ఒక్క రోజులో రాసిచ్చేస్తాను."

"నేను గోడ సంగతి అడగలేదే," అంది పెద్దావిడ వెంటనే.

"నేనూ అడగలేదు," అంది చిన్నావిడ.

పెద్దావిడ చిన్నావిడ భుజం మీది సూదులకేసి చూసి, "అలా గుచ్చుకుని వీధుల్లో తిరుగుతావా, ఎవరికైనా తగిలితే?" అంది. చిన్నావిడ ఒక్కొక్క సూదీ తీసి మెడలో టేపుకి గుచ్చుకోవడం మొదలుపెట్టింది, తీరిగ్గా, వెళ్ళే తొందర లేనట్టు. పెద్దావిడ గడప దాకా వచ్చి ఎర్రపెన్నమ్మని సాగనంపుతూ, గొంతు తగ్గించి, "ఆ అర్జీ మీద ఇప్పుడే ఏం రాయకండమ్మా. కొన్నాళ్ళు అలా ఉంచండి," అంది. ఉంచుతానంది ఆమె. వెనకనుంచి, "ఇటు రేకెప్పుడు విరిగిందక్కా?" అని అడుగుతున్న గొంతూ, "నువ్వు కొళాయి మార్పించుకుంటూ ధనధనా కొట్టించావు చూడు, అప్పుడే" అని గయ్యిమన్న గొంతూ వినిపించాయి.

వీధిలో ఎండ పలచబడి తేనెరంగులోకి తిరిగింది. తాళం పడిన ఇంట్లోంచి బయటపడ్డా కాళ్ళకి నేల ఇంకా కలలోలాగే మెత్తగా తగులుతోంది. ఎటు వెళ్ళాలో నిర్ణయించుకోకుండానే నడుస్తోంది. గంట దాటిపోయింది. అతను వెళ్ళిపోయి ఉంటాడు. గదులన్నీ తుడిచి కూడా ఉంటాడు, అతని సంగతి తెలుసు. సంచిలో ఫోను మోగింది. అతనే.

"ఏం లేదు," అన్నాడు. ఆయాసపడుతున్నాడు. "చెక్క బీరువా బయటికి రావట్లేదు. ముగ్గురం తిప్పలు పడుతున్నాం. ఇది లోపలికెలా వచ్చింది అసలు?"

"నేనే పెట్టించాను. నువ్వప్పుడు ఊళ్ళో లేవు."

"తలుపు ఊడదీయాలా?"

"అక్కర్లేదు." ఆమె రోడ్డు పక్కకి తప్పుకుని, మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంటే గుమ్మం కనపడింది, దాని వెడల్పు, నడవా మలుపు, బీరువా ఎత్తు. "పడుకోబెట్టండి దాన్ని. వీపు కిందకి. కాళ్ళ వైపు ముందు పోనివ్వండి."

అటు గసలు, ఈడ్చిన చప్పుడు, ఎవరో పట్టుకో పట్టుకో అనడం. "మూల తగులుతోంది," అన్నాడు.

"తగలనీ. ఇప్పుడు తల వైపు కొంచెం లేపి, నీ ఎడమకి తిప్పు. అంత కాదు. మెల్లగా." తెలియకుండానే తన చెయ్యి కూడా గాల్లో ఎడమకి తిరుగుతోంది. దారిన పోయే ఒకాయన వింతగా చూసుకుంటూ వెళ్ళాడు. "ఇంకొంచెం... ఆ, ఇప్పుడు తొయ్యండి."

పెద్ద చప్పుడు. తర్వాత నవ్వు. అతని నవ్వు, ఎన్నాళ్ళ తర్వాతో. "వచ్చేసింది!" అన్నాడు, మొదటిసారి గీత తిన్నగా గీసిన కుర్రాడిలా. ఆమెకీ నవ్వొచ్చింది. వచ్చేసిందా అంది. వచ్చేసిందన్నాడు. ఆ నవ్వులు చివరికంటా వెళ్ళి, ఇద్దరి దగ్గరా ఒకేసారి అయిపోయాయి.

"గోడకి గీత పడింది కొంచెం," అన్నాడు.

సరే, అనబోయింది. నాలుక చివరదాకా వచ్చింది ఆ మాట, ఎప్పుడూ వచ్చేదే. దాన్ని మింగేసింది. మింగితే ఊపిరి చప్పుడుగా బయటికొచ్చింది.

"ఏడుస్తున్నావా?" అన్నాడతను.

"ఆ," అంది. "ఏడుస్తున్నాను."

అతను ఫోను పెట్టెయ్యలేదు. అటు కిందినుంచి సామాను బండివాడు హారను కొట్టాడు, ఒకసారి, మళ్ళీ ఒకసారి, ఈసారి పొడుగ్గా.

"పిలుస్తున్నారు," అంది ఆమె.

"పిలవనీ," అన్నాడతను.